ఏడో ఆకు

ఆ అమ్మాయికీ నాకూ మొదటి గొడవ ఒక కాగితం దగ్గర వచ్చింది. గొడవ అన్నానే గానీ ఆమె చేసిందేమీ లేదు, చేసినదంతా నేనే. ఆమె చేతులు కట్టుకుని నిలబడి, నా మాటలు అయిపోయేదాకా ఆగి, మొదట చెప్పిన ఇంగ్లీషు వాక్యమే మళ్ళీ చెప్పింది.

"మేడమ్, నేనొచ్చి ఆరు గంటలైంది. ఇరవై నాలుగు గంటల్లోపు మీరు ఫారం-సి పంపాలి."

ఆమెది ఉగాండా. విశాఖపట్నంలో వ్యవసాయం మీద పీహెచ్‌డీ చేస్తోంది. మైదానం వాళ్ళు రాగులంటారే, మేం చోళ్ళంటాం, ఆ పంటే ఆమె చదువు. వాళ్ళ దేశంలో కూడా కొండవాలుల్లో అదే పండుతుందట. ఇక్కడ ఏయే రకాలు నిలిచి ఉన్నాయో, విత్తనం ఎలా దాస్తారో ఒక పంటకాలమంతా పక్కనుండి చూసి రాసుకోవాలి. ఆమె ప్రొఫెసరు డిగ్రీలో నా క్లాస్‌మేట్. "మీ అమ్మగారింట్లో ఉంచుకోగలవా?" అని ఫోన్ చేసింది. ఉంచుకోగలమా అని అడగడమేమిటి, పంపించమన్నాను. హుకుంపేట రోడ్డు మీద జీపు దిగి అరగంట కొండెక్కితే మా ఊరు. అక్కడ మా అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు ముగ్గురు. నేను అరకులో ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెబుతూ మా ఆయనతో క్వార్టర్స్‌లో ఉంటాను. ప్రతి ఆదివారం అమ్మ దగ్గరికి ఎక్కుతాను.

ఆ రోజూ ఎక్కాను, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని. వానలు అప్పుడే పట్టాయి.

"మా ఇంటికి చుట్టం వస్తే పోలీసులకు చెప్పాలా?" అన్నాను. "మా తాతల నాడు ఈ కొండ మీదికి పోలీసులొస్తే మేం అడవిలోకి పోయేవాళ్ళం. ఇప్పుడు మేమే పిలిచి మా ఇంట్లో ఎవరు పడుకున్నారో చెప్పాలా? చెప్పను."

"నేను చుట్టాన్ని కాదు మేడమ్. విదేశీయురాలిని. ఇల్లు ఇచ్చినవాళ్ళు చెప్పాలి. చెప్పకపోతే మీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది."

హక్కులు, విధులు అనే పాఠం పాతికేళ్ళుగా చెబుతున్నదాన్ని. విధుల గురించి నాకు ఇంకొకరు చెబితే మాత్రం నాకు పడదు. ఇంకో పావుగంట వాదించాను. అప్పుడు ఆమె తన సంచిలోంచి ఒక నీలం ఫైలు తీసింది. ఒక పాలిథిన్ కవరు విప్పితే ఇంకో కవరు, అది విప్పితే ఫైలు. వానలో ఎక్కి వచ్చినప్పుడు రెయిన్‌కోటు తను వేసుకోకుండా దేనికి చుట్టిందో అప్పుడు అర్థమైంది. మనిషి తడిసి ముద్దయింది. ఫైలు మీద చుక్క లేదు.

అందులో పాస్‌పోర్టు నకళ్ళు, వీసా, దేశంలో దిగిన రెండు వారాల్లోపు చేయించుకున్న రిజిస్ట్రేషను, యూనివర్సిటీ ఇచ్చిన బోనఫైడ్, హాజరు, ఫీజు రసీదులు, హాస్టల్ చిరునామా, అన్నీ వరుసగా. ఒక కాగితం మీద తన చేత్తో రాసుకుంది: చిరునామా మారితే తెలపాలి, హాజరు తగ్గకూడదు, సంపాదన కోసం ఏ పనీ చేయకూడదు, గడువు ముగియకముందే పొడిగింపు అడగాలి.

"మా హాస్టల్‌లో ఒక సీనియర్ ఉండేవాడు," అంది. "గది మారాడు. చెప్పలేదు, మర్చిపోయాడు. పొడిగింపు అడిగినప్పుడు బయటపడింది. మూడో ఏడు మధ్యలో వెళ్ళిపోయాడు. అతని పుస్తకాలు ఇంకా మా హాస్టల్ స్టోర్‌లోనే ఉన్నాయి."

ఆ పుస్తకాల మాట దగ్గర నా నోరు ఆగింది. ఫోన్ పట్టుకుని వానలోనే పనసచెట్టు మలుపు దాకా దిగాను. మా ఊరికి సిగ్నల్ అక్కడే. గొడుగు కింద ఆమె ఒక్కో గడీ చదివి చెబుతుంటే నేను నింపాను. నింపినంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను, అది వేరే సంగతి.

అదొక్కసారితో పోలేదు. ఆమె వారానికో పది రోజులకో ప్రొఫెసరును కలవడానికి విశాఖపట్నం వెళ్ళేది. తిరిగి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ ఫారం. "అక్కా, వచ్చాను," అని ఫోన్ చేసేది. ఎప్పుడో మేడమ్ పోయి అక్క అయింది. నేను "వచ్చావా, తిన్నావా?" అనకుండా "ఎన్ని గంటలకొచ్చావు?" అనేదాన్ని. స్టాఫ్‌రూములో నా ఫోన్ విని, ఈవిడ ఎవరినో కాపలా కాస్తోంది అనుకునేవాళ్ళు.

అమ్మకు ఈ ఫారాల సంగతి పట్టలేదు. అమ్మకు పట్టిందల్లా ఆ పిల్ల మొదటి రోజు చేసిన పని. తడిసి వచ్చిన మనిషికి అమ్మ చోడి అంబలి గిన్నె చేతిలో పెట్టింది. ఆ పిల్ల తాగలేదు. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని గుటగుటా తాగి, గిన్నె అడుగున మిగిలింది వేలితో తీసి నాకేసింది. మా ఊళ్ళో పిల్లలు కూడా ఇప్పుడలా నాకరు, బిస్కెట్లు కావాలంటారు.

"ఈ గుంట మనదే," అంది అమ్మ. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

నాకప్పుడు నవ్వొచ్చింది. ఆ మాట ఎక్కడిదాకా పోతుందో తెలిస్తే నవ్వేదాన్ని కాదు.

పిల్ల మా మాట అమ్మ దగ్గరే నేర్చుకుంది. పుస్తకం తెలుగు ముక్క రాదు. "బేగి రా", "ఏటి సేత్తన్నావు", "నాకొద్దు, కడుపు నిండిపోనాది" అని అచ్చంగా మా అమ్మ గొంతుతో అనేది. అమ్మతో పాటు మళ్ళలో వంగి కలుపు తీసేది. ఒక సాయంత్రం, కలుపు తీసినవాళ్ళందరికీ ఇచ్చినట్టే అమ్మ ఆ పిల్ల ఒళ్ళోనూ ఒక చేట చోళ్ళు పోస్తే ఉలిక్కిపడి లేచి, గింజ కూడా పోకుండా తిరిగి పోసేసింది.

"ఏటే, మా సోళ్ళు నీకు నచ్చనేదా?"

"నచ్చినాయమ్మా. కూలి తీసుకుంటే నన్ను పంపీతారు."

"కూలేటి? నీకు కూలి ఎవులిచ్చినారు? ఇది మనింటి పంట!"

అది కూలి కాదని నేనూ వాదించాను. ఆమె వినలేదు. చివరికి ఆ చోళ్ళు అమ్మ వండి పెడితే తిన్నది. వండితే తిండి, పోస్తే కూలి. ఆమె లెక్క ఆమెది.

భాద్రపదంలో కొర్ర కొత్త వచ్చింది. కొత్త అంటే కొత్త పంటను తొలిసారి తినే పండగ. మా ఇంట్లో ఆ రోజు ఒక పద్ధతి ఉంది. వండిన కొత్త కొర్రలు ముందు పెద్దలకి పెట్టి, ఆ తర్వాత పొయ్యి ముందు అడ్డాకులు వరసగా పరుస్తుంది అమ్మ. ఇంటి మనుషులెందరో అన్ని ఆకులు. ఎవరైనా పనికి పోయి ఊళ్ళో లేకపోయినా వాళ్ళ ఆకు వాళ్ళకి వేయాల్సిందే. ఆ ఏడాది ఎవరైనా చనిపోతే వాళ్ళ ఆకు ఒక్కసారి బోర్లించి వేస్తారు, మరుసటి ఏడు నుంచి వేయరు. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లకు ఆకు లేదు. ఆమె పండగకి వస్తే చుట్టమే, వసారాలో కూర్చోబెట్టి పెడతారు.

నేను వసారాలో కూర్చుని లోపలికి చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అమ్మ ఇంకో ఆకు దులిపి వేసింది. ఏడు.

"రాయే గుంటా, కూకో," అంది.

ఆ పిల్ల పొయ్యి ముందుకెళ్ళి కూర్చుంది. నాకు ముప్ఫై ఏళ్ళుగా లేని చోటు. వయసొచ్చిన మనిషిని, చదువుకున్నదాన్ని, ఒక ఆకు దగ్గర కుళ్ళుకోవడమేమిటి అని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకున్నా తగ్గలేదు. ఆ రోజు కొర్రన్నం రెండోసారి వడ్డించబోతే వద్దన్నాను.

ఇక నేను చేసిన ఘనకార్యం. మా కొండ మీద పుట్టిన తేదీలు, కాగితాలు లేక ఆధార్ రానివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కోసం క్యాంపు పెడతామని, ముందు ఇంటింటికీ తిరిగి ఆధార్ లేనివాళ్ళ పేర్లు రాస్తామని గ్రామ సచివాలయం వాళ్ళు చెప్పారు. కిందటిసారి ఇలాగే రాసినప్పుడు మా ఊళ్ళో నలుగురి పేర్లు వదిలేశారు. రాయడానికొచ్చిన అమ్మాయి పుట్టిన ఊరేది, సాక్ష్యమేది అని అడిగితే ముసలాళ్ళు బెదిరి నోరు విప్పలేదు. అందుకని ఈసారి నేనే సచివాలయానికి వెళ్ళి ఆ అమ్మాయి బల్ల ముందు నిలబడ్డాను.

"మా ఊరికొచ్చినప్పుడు సాక్ష్యాలు అడగకండి. మా వాళ్ళు చెప్పిన ప్రతి పేరూ రాయండి. ఒక్క పేరు వదిలినా నేను ఊరుకునేదాన్ని కాదు. మనిషి కళ్ళెదుట కనబడుతుంటే ఉన్నట్టా లేనట్టా అని మీరు తేల్చక్కర్లేదు."

ఆ సచివాలయం అమ్మాయి "అలాగే మేడమ్, అలాగే మేడమ్," అంది. గెలిచానని అనుకుంటూ వచ్చేశాను.

కార్తీకంలో చోడి కంకి రంగు తిరిగింది. ఆమె వీసా గడువు మార్గశిరం మధ్యలో అయిపోతుంది. కోత, నూర్పు, విత్తనం దాచడం ఆ తర్వాతే. అది చూడకపోతే ఆమె థీసిస్‌లో ముఖ్యమైన భాగం ఖాళీ. గడువుకు చాలా ముందే పొడిగింపుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టింది. ఉంటున్న చోటు నిజమో కాదో చూడడానికి మా వైపు పోలీసులకు కాగితం వచ్చింది. ఒక ఆదివారం కానిస్టేబుల్ కొండెక్కి వచ్చాడు. పెద్దాయన, ఆయాసపడుతున్నాడు. మరదలు నీళ్ళిచ్చింది. నేను ఫారాలన్నీ తీసి చూపించాను. ఆయన చూసి తల ఊపి, ఇంకో కాగితం తీశాడు.

"అంతా బాగుంది మేడమ్. ఇదొక్కటి బోధపడలేదు. సచివాలయంలో ఊరి లిస్టు చూసినాం. మీ అమ్మగారింట్లో ఆధార్ లేనోల్లు ఒకరని ఉంది. కూతురు, ఇరవై ఏడేళ్ళు. ఫోటో కూడా ఉంది."

ఫోటో చూశాను. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో కొడవలితో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న మా ఉగాండా అమ్మాయి.

"ఆధార్ కోసం గిరిజన కుటుంబంలో కూతురిగా పేరు రాయించుకున్న విదేశీయురాలు," అన్నాడాయన మెల్లగా, ఆ మాటలు పైకి చదివితే ఎలా వినబడతాయో తనే వింటున్నట్టు. "ఇలాగే పైకి రాస్తే పొడిగింపు రాదు మేడమ్. కేసు కూడా అవ్వొచ్చు. ఎస్సైగారు బుధవారం అందరినీ స్టేషన్‌కి రమ్మన్నారు."

నేను అమ్మ వైపు తిరిగాను. "నువ్వు చెప్పావా?"

"మరేటి? ఇంట్లో ఆధారు ఎవులికి నేదంది. ఈ గుంటకి నేదు. నేదని సెప్పాను. ఈ గుంట ఎవులంది. మా గుంటంతే రాసుకుంది. ఏటి తప్పు?"

"నువ్వెక్కడున్నావప్పుడు?" అని ఆ పిల్లను అడిగాను.

"పొలంలో. ఫోటో తీస్తానంటే నవ్వాను. ఊళ్ళో అందరికీ తీస్తున్నారు కదా అని." ఆమె కానిస్టేబుల్ చేతిలోని కాగితం వైపు చూస్తోంది. "అక్కా, ఇప్పటిదాకా నా పేరు మీద ఒక్క అబద్ధపు కాగితం కూడా లేదు."

ఏడవలేదు. ఫైలు విప్పి, అన్నీ వరుసగా ఉన్నాయో లేదో మళ్ళీ చూసుకోవడం మొదలుపెట్టింది. అన్నీ వరుసగానే ఉన్నాయి. ఆమె వైపు నుంచి ఒక్క తప్పూ లేదు. మా ప్రేమ వల్ల వచ్చిన తప్పు, నా నోటి వల్ల అచ్చయిన తప్పు.

మర్నాడు సచివాలయానికి వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నేను అడిగాను మేడమ్. మీ అమ్మగారు మా గుంటే అన్నారు. సాక్ష్యం అడుగుదామంటే మీరు అడగొద్దన్నారు."

"నేనన్నానమ్మా," అన్నాను. "నాదే తప్పు. నీ మీదకి రానివ్వను." ఈ మూడు మాటలు చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో నాతో పనిచేసేవాళ్ళనడగాలి. ఇంటి పెద్ద వచ్చి పోలీసుల ముందు చెబితేగాని పేరు తీయలేనని, తీసే అధికారం కూడా తనకి లేదని ఆమె అంది. నిజమే.

మంగళవారం బడి అయ్యాక అమ్మ దగ్గరికెక్కాను. చెప్పాల్సింది చిన్న మాట. ఈమె మా ఇంటి మనిషి కాదు, పొరపాటున రాశాం. అంతే.

"సెప్పను," అంది అమ్మ.

"ఎందుకు చెప్పవే? చెప్పకపోతే పిల్లని పంపించేస్తారు!"

"కొత్త నాడు ఆకెట్టినాను. ఆకెట్టిన మనిషిని మాది కాదని ఎప్పుడంతారు? సచ్చినప్పుడంతారు. బతికున్న గుంటకి ఆకు బోర్లించమంతావేటి?"

"ఆకు గోల ఆకు గోలే, అది ప్రభుత్వం లిస్టు!"

"లిస్టుకీ ఆకుకీ తేడా నాకు సెప్పకు. ఎంతమందిరా అని అడిగినప్పుడు నాను ఆకులే కదేటి లెక్కెట్టుకునేది? నీ సదువంతా ఒక్క అబద్దం ఆడమని సెప్పడానికేనా?"

"అబద్ధం కాదే, నిజం చెప్పమంటున్నాను. నీ కూతురు కాదు కదా!"

"నువ్వూ నా లెక్కలో నేవు. మరి కూతురివి కావేటి?"

అమ్మతో వాదించి ఇంతవరకు గెలవలేదు. నాకు ఈ నోరు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు.

బుధవారం అమ్మ మంచి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని జీపెక్కింది. ఏం చెబుతావే అంటే కొంగు సర్దుకుంది. ఆ పిల్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. మలుపుల్లో జీపు ఒరిగినప్పుడల్లా అమ్మ చెయ్యి ఆమె మోకాలి మీద పడి అక్కడే ఉండిపోయేది.

ఎస్సై కుర్రాడే, ముప్ఫై దాటి ఉండవు. ముందు ఫైలు చూశాడు. ఆ తర్వాత పిల్లను ఇంగ్లీషులో అడగబోయాడు. ఈమె కంగారులో అమ్మ తెలుగు ఎత్తుకుంది.

"నాను ఏటీ సేయనేదు సార్. కొండ మీద సోళ్ళు సూడ్డానికొచ్చినాను."

ఎస్సై పెన్ను ఆపి కానిస్టేబుల్ వైపు చూశాడు. "ఉగాండా అన్నారు. ఈమె మాట మన హుకుంపేట మాటలా ఉందే?"

ఆమె అంత బాగా నేర్చుకోవడం కూడా ఇప్పుడు ఆమెకే అడ్డమొచ్చింది. నేను లేచి, ఈమె మా అమ్మ దగ్గర నేర్చుకుంది, సచివాలయంలో ఏ పేరునైనా రాయమన్నది నేనే, అక్కడి అమ్మాయి తప్పేమీ లేదు, కావాలంటే రాసిస్తాను అని చెప్పుకుపోయాను. ఆయన వింటూనే నేను పంపిన ఫారాలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు.

"పదకొండు," అన్నాడు. "పదకొండుసార్లూ గడువులోపే పంపారు. అన్నిట్లోనూ విదేశీయురాలనే రాశారు. దాచాలనుకునేవాళ్ళు ఇన్నిసార్లు చెప్పరు." నేను తిట్టుకుంటూ నింపిన పదకొండు. "అయినా ఇంటి పెద్ద నోటి మాట నాకు కావాలి. అమ్మా, ఈమె మీ కూతురా? అవునో కాదో చెప్పండి."

అమ్మ ఆయన వైపు చూడలేదు. పిల్ల వైపు తిరిగింది.

"గుంటా, మీ ఊల్లో కొత్త సేసుకుంతారా?"

పిల్ల నా వైపు చూసింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. తల ఊపింది.

"సేసుకుంటారమ్మా. కొత్త సోళ్ళు వండితే అందరం కూకుని తింటాం."

"మీయమ్మ నీకు పెడతాదా? నువ్విక్కడున్నా పెడతాదా?"

"పెడతాదమ్మా. నా గిన్నె కడిగి పక్కన ఎడతాది. మా సెల్లి ఫోటో తీసి పంపద్ది."

"మరి నాకు ముందే సెప్పొద్దేటే!" అమ్మ ఒక్క అరుపు అరిచింది. బల్ల మీద పెన్ను దొర్లింది. "అక్కడ నీకు గిన్నె కడిగెట్టుకుని ఆ తల్లి కూకునుంటే, ఇక్కడ నాకాడ ఆకేసుకుని తింతావా? ఒక మనిషికి రెండాకులుంతాయేటి? ఆవిడికి తెలిస్తే నన్నేటనుకుంతాది?"

ఆ తర్వాత ఎస్సై వైపు తిరిగింది. గొంతు మామూలైంది.

"రాసుకో బాబూ. ఈ గుంట ఆకు ఆల్లమ్మ కాడుంది. నాకు తెలక నానూ ఎట్టినాను. మా లెక్కలోంచి తీసీ."

"అంటే మీ ఇంటి మనిషి కాదు."

"ఆ మాట రాయకు. సుట్టమని రాయి."

"చుట్టం అంటే బంధువు అవుతుందమ్మా. మళ్ళీ గొడవ."

"మరి ఇంటికొచ్చి, తిని, ఉండి, ఎల్లిపోయే మనిషినేటంతారు మీ కాగితంలో?"

ఎస్సై దొర్లిన పెన్ను అందుకున్నాడు. "అతిథి," అన్నాడు.

"మంచి మాటేనా?" అని అమ్మ నన్నడిగింది.

"మంచి మాటేనే," అన్నాను.

రాశాడు. చదివి వినిపించాడు. ఫలానా విదేశీ విద్యార్థిని మా ఇంట అతిథిగా ఉంటున్నది, మా కుటుంబ సభ్యురాలు కాదు, తెలియక పేరు చెప్పితిమి, తొలగించవలసినది. "కుటుంబ సభ్యురాలు కాదు" అన్నచోట అమ్మ ముఖం ముడిచింది గానీ వేలిముద్ర వేసింది. నేను కింద సాక్షి సంతకం పెట్టాను. నా తప్పు వేరే కాగితం మీద రాసిచ్చాను.

తిరుగు జీపులో అమ్మ నా మొహం చూసింది. "నీకెందుకే కల్లంట నీల్లు? పని అయిపోనాది కదా."

"ఏం లేదు."

"నాకు తెలుసులే. కొర్రకొత్త నాడు రెండో ముద్ద తినకుండా లేచిపోనావు." బయటికి చూస్తూ అంది. "నీ ఆకు నాను తీసీలేదు. నీతో పంపించినాను. మీ ఇంట్లో కొత్తకి నువ్వు ఎడతన్నావా, బద్దకించి మానేసినావా?"

మానేశాను. క్వార్టర్స్‌లో గ్యాస్ పొయ్యి ముందు ఆకులేమిటని పెళ్ళయిన రెండో ఏటే మానేశాను. పైకి చెప్పక్కర్లేదు. అమ్మకి తెలుసు. ఆ పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫైలు మీద పడిన నా కన్నీటి చుక్క తుడిచింది.

పొడిగింపు గడువుకు నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆ నాలుగు వారాలూ ఆమె ప్రతి సాయంత్రం పనసచెట్టు మలుపు దాకా దిగి ఫోన్ చూసుకుని ఎక్కి వచ్చేదని మరదలు చెప్పింది. వచ్చిన రోజు అక్కడినుంచే నాకు ఫోన్ చేసింది. "వచ్చిందా?" అన్నాను. "వచ్చింది అక్కా." "ప్రింటు రెండు తీయిస్తాను. ఒకటి నా దగ్గర ఉంటుంది," అన్నాను. ఇప్పుడు నాకూ ఒక ఫైలుంది. ఎర్రది.

కోత చూసింది. నూర్పు చూసింది. అమ్మ విత్తనపు కంకులు పొయ్యి మీద అటకకు కట్టి పొగ పట్టిస్తుంటే పక్కన కూర్చుని గంట గంటకీ రాసుకుంది. పుష్యంలో చిక్కుడు కొత్త నాటికి ఆమె సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు నేను తెల్లవారే మా క్వార్టర్‌లో చిక్కుళ్ళు వండి, రెండు ఆకులు పరిచి, మా ఆయన్ని లేపాను. ఇదేమిటని ఆయన అడగబోయి నా మొహం చూసి కూర్చుని తినేశాడు. ఆ తర్వాత కొండెక్కాను. ఆ పిల్ల ముందు రోజే విశాఖపట్నం నుంచి తిరిగి వచ్చింది. ఫారం వెళ్ళిపోయింది. పంపింది నేనే, ఆమె అడక్కముందే.

లోపల అమ్మ పొయ్యి ముందు ఆకులు పరిచింది. లెక్కపెట్టాను. ఆరు. నా పక్కన వసారాలో ఆ పిల్ల కూడా లోపలికే చూస్తోంది, వేళ్ళ మీద లెక్కపెడుతూ. తన ఫోన్ తీసి నాకు చూపించింది. వాళ్ళ చెల్లెలు పంపిన ఫోటో. మట్టి గోడ పక్కన, కడిగి పెట్టిన నీలం ఎనామిల్ గిన్నె.

ఇంతలో అమ్మ బయటికొచ్చింది. రెండు చేతుల్లో రెండు ఆకులు, ఆవిర్లు కక్కుతున్నాయి. లోపలి వాళ్ళెవరికీ ఇంకా వడ్డించలేదు. మా ఇంట్లో అతిథులకే ముందు.

"ఏటలా సూత్తారు ఇద్దరూ? కాల్లు ముడుసుకుని కూకోండి. బేగి తినండి, సల్లారిపోద్ది."

రెండోసారి వడ్డించినప్పుడు నేను వద్దనలేదు.